గురువును ఎంచుకునేది ఎవరు?

మస్కట్ గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనక నడుస్తుంది. విజయవాడలోనో హైదరాబాదులోనో ఉదయం ఆరింటికి మొదలయ్యే ప్రవచనం ఒమాన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే ఫోన్లో పలుకుతుంది. ఎండాకాలం కట్టుబడి పనులకు వెళ్లేవాళ్లు ఎలాగూ ఆ వేళకు లేచే ఉంటారు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ చట్టం ఉంది, కాబట్టి పని చీకటితోనే మొదలవుతుంది. క్యాంపులో స్నానాల గది ముందు వరుసలో నిలబడి చెవిలో భాగవతం వినే తాపీమేస్త్రీ, రూవీలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి లలితా సహస్రనామ వ్యాఖ్యానం పెట్టుకుని నిద్రపోయే నర్సు, సోహార్ దారిలో కారు నడుపుతూ వేదాంత పాఠం వినే ఇంజనీరు, వీళ్లందరికీ ఒక్కొక్క గురువు ఉన్నాడు. చాలామంది ఆ గురువును ఎన్నడూ కళ్లారా చూసి ఉండరు.

ఊళ్లో ఉన్నప్పుడు గురువును వెతుక్కోవలసిన పని అంతగా ఉండదు. ఇంటి పురోహితుడు ఉంటాడు, తాతల నాటి నుంచి వస్తున్న మఠం ఉంటుంది, రామమందిరంలో భజన చెప్పే పెద్దమనిషి ఉంటాడు, కార్తీకంలో మాల వేసే గురుస్వామి ఉంటాడు. వాళ్లలో ఎవరు మంచివాళ్లో, ఎవరి మాట ఎంతవరకు వినాలో ఊరు ఎప్పుడో తేల్చేసి ఉంటుంది. విమానం ఎక్కి మస్కట్‌లో దిగిన మనిషికి ఆ తీర్పు అందదు. ఫోన్లో వందల గొంతులు. కర్మ అని ఒకరు, ధ్యానం అని ఒకరు, ఈ మంత్రం నలభై రోజులు చేస్తే చాలునని ఇంకొకరు. అన్నీ జరుపుకుంటూ పోయే బొటనవేలు ఒకచోట ఆగుతుంది. 'ఈయన మాట నా మనసుకు తగిలింది' అనుకుంటాడు మనిషి. అక్కడితో గురువు దొరికినట్టే.

గురువును నమ్మాలా, లోపలి మాటను నమ్మాలా అన్న వాదం మనవాళ్లకు కొత్తది కాదు. గురువు లేని విద్య గుడ్డి విద్య అనే సామెత ఒక పక్కన ఉంది. దొంగ గురువులను ఎండగట్టిన వేమన మరో పక్కన ఉన్నాడు. కానీ మస్కట్‌లో ఒంటరిగా ఫోన్ పట్టుకున్న మనిషిని చూస్తే ఈ వాదంలో మరుగున పడిన సంగతి ఒకటి పైకి తేలుతుంది. గురువుకు లొంగిపోయాను అనేవాడు కూడా, ఆ గురువును తన లోపలి మాట వినే ఎంచుకున్నాడు. మొట్టమొదటి నిర్ణయం ఎప్పుడూ మనిషి సొంతమే. ఆ నిర్ణయం చేసిన మనసు ఆ రోజు ఏ స్థితిలో ఉంది అన్నదే అసలు అడగవలసిన ప్రశ్న.

ఒమాన్‌లో హిందువులకు గుడులు లేకపోలేదు. పాత మస్కట్‌లో రాజప్రాసాదానికి దగ్గర్లో ఉన్న మోతీశ్వర్ మందిరానికి వందేళ్లు దాటాయి. కచ్ నుంచి వచ్చిన భాటియా వర్తకులు కట్టుకున్న శివాలయం అది. శివరాత్రికి దేశం నలుమూలల నుంచీ భారతీయులు వేలల్లో వస్తారు. దార్సైత్‌లో కృష్ణ మందిరం ఉంది. ముస్లిమేతరులు కలిసి పూజ చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతించిన ఇలాంటి చోట్లకే రావాలి. అందువల్ల దైవదర్శనానికి అక్కడ లోటు లేదు. లోటుగా ఉన్నది పక్కన కూర్చుని 'నాయనా, నీకిది ఎందుకు?' అని అడిగే మనిషి.

ఆ ప్రశ్న ఎంత అవసరమో గల్ఫు జీవితం తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. తండ్రి పోయినప్పుడు సెలవు దొరక్క అంత్యక్రియలు వీడియోలో చూసినవాళ్లు ఉన్నారు. కూతురు మాటలు నేర్చిన రోజులన్నీ ఫోన్లోనే విన్నవాళ్లు ఉన్నారు. అప్పు తీరదు, వీసా మారదు, ఇంటికి వెళ్లే రోజు జరుగుతూ పోతుంది. అలాంటి రాత్రి ఒక గొంతు 'నీ బాధ నాకు తెలుసు' అంటే మనసు కరిగిపోతుంది. ఆ కరగడాన్ని మనిషి అంతర్వాణి అనుకుంటాడు. ఒంటరితనమూ దిగులూ కూడా లోపలి నుంచే మాట్లాడతాయి, అచ్చం అదే గొంతుతో. ఇందులో అవమానపడవలసింది ఏమీ లేదు. దుఃఖంలోంచి దేవుణ్ని వెతికినవాళ్ల చరిత్ర చాలా పెద్దది. కానీ ఏది దిగులో, ఏది పిలుపో విడదీసి చూడటం ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

లోపలి మాటను ఎప్పుడు నమ్మవచ్చు అన్న దాని మీద మనస్తత్వ శాస్త్రంలో ఒక మంచి కథ ఉంది. గ్యారీ క్లైన్ అగ్నిమాపక దళాల వాళ్లను దగ్గరగా గమనించి, అనుభవజ్ఞుల స్ఫురణ ఎంత గొప్పగా పనిచేస్తుందో రాసినవాడు. డేనియల్ కానమన్ ఆ స్ఫురణ మనల్ని ఎన్ని విధాల మోసం చేస్తుందో జీవితమంతా తవ్వి చూపినవాడు. పరస్పరం విభేదించిన ఈ ఇద్దరూ ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడుకుని, 2009లో 'అమెరికన్ సైకాలజిస్ట్' పత్రికలో కలిసి ఒక వ్యాసం రాశారు. వాళ్లు ఒక మాట మీదికి వచ్చిన చోటు ఇది: ఒక పద్ధతి ప్రకారం నడిచే వ్యవహారంలో, తప్పు చేస్తే తప్పని తెలిసివచ్చే చోట, చాలాకాలం పనిచేసినవాడి స్ఫురణను నమ్మవచ్చు. మనసుకు కలిగే గట్టి నమ్మకం మాత్రం దానికి గుర్తు కాదు.

ఒమాన్‌లో దీనికి కళ్ల ముందు కనిపించే ఉదాహరణ ఉంది. కొండల అడుగున ఉన్న నీటిని భూగర్భ సొరంగాల ద్వారా తోటల దాకా నడిపించే కాలువలను అక్కడ ఫలజ్ అంటారు. ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో సహా అయిదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సొరంగం తవ్వడానికి ముందు నీరు ఎక్కడ ఉందో చెప్పే మనిషి ఒకడు ఉంటాడు. అతణ్ని బసీర్ అని పిలుస్తారు. మట్టి రంగు, రాతి వాలు, పెరిగిన మొక్క చూసి ఇక్కడ తవ్వండి అంటాడు. ఎలా తెలిసిందని అడిగితే అతను చెప్పలేకపోవచ్చు. కానీ అతని మాట మీద ముందు ఒక బావి తవ్వుతారు. నీరు పడితేనే, అది నిలకడగా ఊరితేనే, ఆ తల్లిబావి నుంచి సొరంగం సాగుతుంది. బసీర్ స్ఫురణకు ఊళ్లో అంత గౌరవం రావడానికి కారణం ఆ బావే.

ఆధ్యాత్మిక జీవితంలో అలాంటి బావి తొందరగా దొరకదు. ధ్యానంలో వెలుగు కనిపించింది అంటాడు ఒకడు. అది ఆత్మజ్ఞానమా, నిద్రలేమా? ఉద్యోగం మానేసి ఆశ్రమానికి వెళ్లిపొమ్మని లోపల ఎవరో చెప్పారంటాడు ఇంకొకడు. తప్పయితే తప్పని తెలియడానికి పదేళ్లు పట్టవచ్చు. ఆ పదేళ్లలో పిల్లల చదువులు, భార్య ఆరోగ్యం, తాకట్టులో ఉన్న పొలం అన్నీ ఆ మాట మీద ఆధారపడి ఉంటాయి. గురువు అవసరం ఇక్కడే ఉంది. లేని శక్తులేవో ధారపోయడానికి కాదు. ఈ దారిలో ముందు నడిచినవాడిగా, నీ లోపలి మాటను పరీక్షకు పెట్టడానికి.

ఒమాన్ మతచరిత్ర ఈ విషయంలో చెప్పే కబుర్లు మన తెలుగు పుస్తకాల్లో పెద్దగా కనిపించవు. అక్కడ చాలామంది అనుసరించే ఇబాదీ మార్గం సున్నీ, షియా శాఖలు రెండింటికీ వేరైనది. దాని తొలి గురువుల్లో ఒకడైన జాబిర్ ఇబ్న్ జైద్ నిజ్వా పక్కనున్న ఫిర్క్ గ్రామంవాడు. ఆయన తరవాత బస్రాలో అబూ ఉబైదా ముస్లిం అనే పండితుడు పాలకుల కంట పడకుండా నేలమాళిగలో పాఠాలు చెప్పేవాడని, కొత్తవాళ్లు ఎవరైనా వస్తే కాపలావాడు గొలుసు కదిలించేవాడని, వెంటనే గురుశిష్యులంతా బుట్టలు అల్లుకునేవాళ్లలా కూర్చునేవారని ఇబాదీలు చెప్పుకుంటారు. అలా చదువుకున్నవాళ్లే ఒమాన్‌కూ ఉత్తర ఆఫ్రికాకూ వెళ్లి ఆ విద్యను నిలబెట్టారు. అంటే చదువుకు గురువు తప్పనిసరి. ప్రాణం పణంగా పెట్టి అయినా ఆయన దగ్గరికి పోవాలి.

కానీ అదే ఇబాదీలు నాయకుడి దగ్గరికి వచ్చేసరికి వేరే నియమం పెట్టుకున్నారు. ఇమామును పుట్టుకనుబట్టి కాక యోగ్యతనుబట్టి పెద్దలు ఎన్నుకుంటారు. ఆయన దారి తప్పితే దించేయవచ్చు. ఇది కాగితం మీది హక్కు కాదు. ముప్పై అయిదేళ్లు ఏలిన అల్-సల్త్ బిన్ మాలిక్ అనే ఇమామును ముసలితనం వచ్చి బలహీనుడయ్యాక 886లో పక్కకు తప్పించారు. ఆ పని న్యాయమా కాదా అన్న దాని మీద పండితులు నిజ్వా పక్షమని, రుస్తాక్ పక్షమని రెండుగా చీలిపోయి వందల ఏళ్లు వాదించుకున్నారు. పూజ్యుణ్ని వదిలిపెట్టే హక్కు ఉన్నంత మాత్రాన వదిలిపెట్టడం తేలిక కాదు, చౌకా కాదు. అయినా ఆ హక్కును వాళ్లు వదులుకోలేదు. పీఠం మీద ఉన్నవాణ్ని ప్రశ్నిస్తేనే పాపం తగులుతుందని చెప్పే గురువులను చూసినప్పుడల్లా, పదకొండు వందల ఏళ్ల కిందటి ఈ గొడవ మన పిల్లలకు చెప్పవలసిన పాఠంలా అనిపిస్తుంది.

దక్షిణాన ధోఫార్‌కు పోతే గాలి మారుతుంది. అక్కడ సున్నీలు ఎక్కువ, గురుపరంపరను ప్రాణంగా చూసుకునే సూఫీ సంప్రదాయం ఉంది. సలాలాకు తూర్పున మిర్బాత్ రేవులో రెండు తెల్లని గుమ్మటాల కింద ముహమ్మద్ బిన్ అలీ సమాధి ఉంది. 12వ శతాబ్దివాడు. ఆయన మనవడు అల్-ఫకీహ్ అల్-ముకద్దమ్ యెమెన్‌లోని తరీమ్‌లో బా అలవీ సూఫీ మార్గానికి ఆద్యుడయ్యాడు. ఆ మనవడికి దీక్ష అందిన తీరు విచిత్రం. దీక్షావస్త్రం పంపినవాడు అబూ మద్యన్ అనే మహానుభావుడు. ఆయన ఉన్నది ఎక్కడో ఉత్తర ఆఫ్రికాలో, మగ్రిబ్‌లో. గురుశిష్యులు ఒకరినొకరు చూసుకోలేదు. వస్త్రం తీసుకుని బయలుదేరిన శిష్యుడు మక్కాలో చనిపోతూ మరొకరి చేతిలో పెట్టాడని, ఆ రెండో మనిషి తరీమ్ దాకా వచ్చి అప్పగించాడని ఆ సంప్రదాయం చెబుతుంది. అప్పటిదాకా ధర్మశాస్త్రం నేర్పిన సొంత గురువుకు ఈ కొత్త మార్గం రుచించలేదట. శిష్యుడు మాత్రం తనకు తోచిన దారినే వెళ్లాడు.

కళ్లతో చూడని గురువు అన్నది ఫోన్ల కాలంలో పుట్టలేదన్నమాట. కాకపోతే తేడా ఒకటుంది. అబూ మద్యన్ మాటను మోసుకొచ్చింది మనుషులు. వస్త్రం తెచ్చిన మనిషి తరీమ్‌లో ఈ శిష్యుణ్ని చూశాడు, అతనితో మాట్లాడాడు, ఆ తరవాతే దాన్ని చేతికిచ్చాడు. వీడియోలో వచ్చే ఉపదేశం ఎవరిని చూసీ ఆగదు. రక్తపోటు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే ప్రాణాయామం. దిగులుతో తిండి మానేసిన పిల్లకూ, తిండి ఎక్కువైన పెద్దమనిషికీ ఒకే ఉపవాసం. ఉపదేశించేవారు నిజాయితీపరులే కావచ్చు, మహాపండితులే కావచ్చు. వినేవాడు ఎవరో వాళ్లకు తెలియదు. 'ఇది నీకు వద్దు' అనే మాట వాళ్ల నోట రాదు. గురువు చేయగలిగిన మేళ్లన్నింటిలోనూ ఆ ఒక్కమాటే అన్నింటికంటే పెద్దదని అనిపిస్తుంది.

గురువే వద్దన్న మాటను ప్రపంచమంతా వినేలా చెప్పినవాడు మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. 1909లో అడయారు సముద్రతీరాన దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్ కంట పడిన ఆ కుర్రవాణ్ని ఆ సమాజం జగద్గురువుగా పెంచింది. అతని కోసమే ఒక సంఘం పెట్టింది. 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఒమెన్‌లో వేలమంది ఎదుట ఆయనే ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి ఏర్పరచిన దారి లేదని, ఏ సంస్థా మనిషిని అక్కడికి చేర్చలేదని చెప్పాడు. తనకోసం కట్టిన సింహాసనాన్ని తానే కూల్చుకున్నవాళ్లు చరిత్రలో ఎందరున్నారు? ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కవచ్చు. అయితే ఆ తరవాత 1986లో కన్నుమూసేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, జనం దేశదేశాల నుంచి వచ్చి వింటూనే ఉన్నారు. చాలామందికి ఆయనే గురువయ్యాడు. గురువు అక్కర్లేదని తెలుసుకోవడానికి కూడా ఎవరో ఒకరు చెప్పవలసి వచ్చింది. ఇది కృష్ణమూర్తి ఓటమి కాదు, మనిషి స్వభావం.

రచయిత చలం సంగతి ఇంకా లోతైనది. సంఘం, మతం, కుటుంబం, ఏ అధికారానికీ తలవంచని ఆ మనిషి 1950లో అరుణాచలం చేరి, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. కూతురు సౌరిస్‌కు అంతరంగంలో వినవచ్చే మాటలకు ఆయన ఎంతో విలువిచ్చాడు. దీన్ని తిరుగుబాటుదారుడి పతనంగా చూసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ ఎవరి మాటా వినని మనసు చివరకు ఎవరి మాట వినాలో కూడా తానే తేల్చుకుంది. చలం జీవితంలో ఆ రెండు ఘట్టాలూ ఒకే మనసు చేసినవి.

ఆ అరుణాచలంలోనే ఈ ప్రశ్నకు దొరికినంత మంచి జవాబు ఉంది. అక్కడ నివసించిన రమణులకు మనిషి రూపంలో గురువు లేడు. 1896లో మదురైలో, పదహారేళ్ల వయసులో, చావు భయం ముంచుకొచ్చినప్పుడు నేల మీద పడుకుని తనలోకి తాను చూసుకున్నాడు. గురువంటే తనకు అరుణాచలం కొండేనన్నాడు. ఆయన దగ్గరికి 1907 నవంబరు 18న బొబ్బిలి దగ్గరి కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని వచ్చాడు. వచ్చినవాడు సామాన్యుడు కాదు. నవద్వీప పండితుల సభలో ఆశువుగా శ్లోకాలు చెప్పి బిరుదు పొందినవాడు. మంత్రజపం ఎన్నో ఏళ్లుగా చేస్తున్నవాడు, రమణుల కంటే ఏడాది పెద్దవాడు. శాస్త్రాలన్నీ చదివాను, జపం చేశాను, తపస్సు అంటే ఏమిటో మాత్రం అర్థం కాలేదని ఆ కౌపీనధారి పాదాలు పట్టుకున్నాడు. 'నేను' అనేది ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుందని, అదే తపస్సని రమణులు చెప్పారు. మంత్రం వదిలేయమనలేదు. మంత్రం చేస్తుంటే ఆ నాదం ఎక్కడ నుంచి పుడుతోందో చూడమన్నారు. ముని నడిచివచ్చిన దారి మీదే ఇంకొంచెం లోపలికి చూపించారు. భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది ఆ మునే.

ఇక్కడితో ఆగితే మామూలు గురుశిష్యుల కథ. గణపతి ముని ఆ తరవాత కూడా శక్తి ఉపాసకుడిగానే ఉన్నాడు. ఉమాసహస్రం రాశాడు. ఆత్మవిచారం ఒక్కటే చాలదని, తపశ్శక్తితో దేశాన్ని మేలుకొలపాలని తపించాడు. జాతీయోద్యమం వైపు, అంటరానితనానికి ఎదురుగా నడిచాడు. తన అభిప్రాయాలు మార్చుకోమని రమణులు అడగలేదు. తాను వేరేగా ఆలోచిస్తున్నానని ముని దాచుకోనూ లేదు. 1936లో ఖరగ్‌పూర్ దగ్గర ప్రాణం విడిచేదాకా ఆ అనుబంధం అలాగే సాగింది. మస్కట్‌లో గురువును వెతుక్కునేవాళ్లు చూడవలసింది ఇలాంటి చోటు కోసం. తన ఉపాసన తనకు మిగిలి ఉందా, తన ప్రశ్న తనకు మిగిలి ఉందా, ఆ గురువుతో విభేదించిన శిష్యుడు ఇంకా అక్కడ గౌరవంగా కూర్చోగలుగుతున్నాడా అన్నది వాకబు చేసుకోవాలి. నెల జీతంలో సగం అడిగే 'ఉన్నత తరగతి' దీక్ష గురించి తాను ఇంటికి ఫోన్ చేసి చెప్పగలుగుతున్నాడా అన్నది కూడా. గుట్టుగా ఉంచమన్న ఉపదేశాన్ని మొదట గది మిత్రుడికి చెప్పి చూడటం మంచిది. బస్రా నేలమాళిగలో దాక్కున్నది పాలకుల నుంచి, ఇంటివాళ్ల నుంచి కాదు.

ప్రశ్నకు చోటిచ్చే గురువు దగ్గర ఏం జరుగుతుందో ముని రాసిన రమణగీతలోనే ఉంది. పద్దెనిమిది అధ్యాయాల ఆ సంస్కృత గ్రంథం ఎక్కువగా ప్రశ్నలూ జవాబులే. పదమూడో అధ్యాయంలో అడిగినామె ముని భార్య విశాలాక్షి. భర్త ద్వారా ఆమె పంపిన సందేహాలు రెండు: ఇంటి బాధ్యతలు అడ్డమైనప్పుడు స్త్రీ సన్యసించవచ్చా? ముక్తి పొందిన స్త్రీ దేహాన్ని దహనం చేయాలా, సమాధి చేయాలా? ఆ కాలంలో ఒక గృహిణి మహర్షి ముందు పెట్టడానికి వెనకాడే ప్రశ్నలు అవి. అడ్డు చెప్పే శాస్త్రం ఏదీ లేదన్నారు రమణులు. పురుషుడికి ఏ విధి ఉందో స్త్రీకీ అదేనన్నారు. కొన్నేళ్లకు, 1922 మే 19న, ఆయన తల్లి అళగమ్మ కన్నుమూసింది. ఆమెకు దహనం చేయలేదు, కొండ దిగువన సమాధి చేశారు. నేటి రమణాశ్రమం ఆ సమాధి చుట్టూనే పెరిగింది.